మూతి కిందకి పెట్టిన సీసా

మా చెల్లెలి మొగుడు రోనాల్డ్ ఖాళీ సీసా కనిపిస్తే ఆగలేడు. నిండు సీసా కనిపించినా ఆగలేడు గాని, ఆ సంగతి వేరు. ముందు పుట్టగొడుగులు పెంచాడు, అవి కుళ్ళిపోయాయి. తర్వాత కుందేళ్ళు పెంచాడు, అవి బతికితే కదా. ఆ తర్వాత అరకు దాటాక కాఫీ తోటల వైపు తిరిగే రోడ్డు మీద రేకుల షెడ్డుకి రంగు కొట్టించి, టూరిస్టులకి రెండు గదులు విడదీసి, 'గ్రీన్ బాటిల్ హోమ్‌స్టే' అని బోర్డు పెట్టాడు. వచ్చినవాళ్ళు తాగి పారేసిన వైన్ సీసాలన్నీ ఏరుకొచ్చి దీపాలు, పూలకుండీలు, గోడ గడియారాలు చేయిస్తాడు. అదంతా వీడియో తీసి ఫోన్‌లో పెడతాడు. చేసేది నా చెల్లెలు. వీడియోలో మాట్లాడేది ఈయన.

సీసాతో గడియారం ఎందుకయ్యా అని ఒకసారి అడిగాను. "క్రియేటివిటీ వదినా" అన్నాడు. తాడిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడగడ్డి కోసం అన్నాడట వెనకటికి ఒకడు. వాడు ఈ రోనాల్డ్‌కి తాతై ఉంటాడు.

నా పేరు ఫ్లోరెన్స్. కురుపాంలో నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. దెయ్యాల కబుర్లు చెప్పేవాళ్ళంటే నాకు మొదటినుంచీ చులకనే. ఎంతోమంది కళ్ళు నా చేత్తో మూశాను. చచ్చినవాళ్ళంత బుద్ధిమంతులు లోకంలో ఉండరు. మందు వద్దనరు, మంచం మీంచి దిగిపోరు, డాక్టరుతో తగువు పెట్టుకోరు. ఇబ్బంది పెట్టేదంతా బతికున్నవాళ్ళే. అందుకని నేను చెప్పేది దెయ్యం కథ అని మీరనుకుంటే అది మీ ఇష్టం. ఏమనుకోవాలో నాకే తెలియడం లేదు.

నా చెల్లెలు సుజానా. నాకంటే చాలా చిన్నది. అమ్మ తొందరగా పోయింది, దీన్ని నేనే పెంచాను. పుట్టినప్పటి నుంచీ దానికి ఆయాసం. చలికాలం వచ్చిందంటే ఛాతీలో పిల్లి కూతలు. బాగా ముదిరినప్పుడు మాట కూడా వచ్చేది కాదు. అప్పుడు నేను స్టీలు కంచం తిప్పి దాని మూతి దగ్గర పెట్టేదాన్ని. కంచం మీద దాని ఊపిరి పొగమంచులా అంటుకునేది. ఆ మంచు మీద అది వేలితో గీసేది. ఒక గీత గీస్తే తగ్గిందక్కా అని. రెండు గీస్తే తగ్గలేదు, మళ్ళీ మందు వెయ్యి అని. ఇద్దరమూ పెట్టుకున్న గుర్తు అది. మా నాన్నకి కూడా తెలియదు.

అలాంటి పిల్లని తీసుకెళ్ళి అరకు చలిలో కూర్చోబెట్టాడు ఈ పెద్దమనిషి. కొండగాలి ఆరోగ్యమట. డిసెంబరులో దాన్ని కురుపాం తీసుకుపోయి, చలి తగ్గేదాకా నా దగ్గర ఉంచుకోవాలని బయల్దేరాను. నాకు ఇంకేమీ అక్కర్లేదు. ఆ పిల్ల ఊపిరి నిలవాలి, అంతే.

మధ్యాహ్నం దాటాక బస్సు దిగాను. అరకులో ఆ నెలలో బీడీ కాల్చనివాడి నోట్లోంచి కూడా పొగ వస్తుంది. బస్సు డ్రైవరు నోట్లోంచి, వేరుశనక్కాయలు అమ్మే ఆవిడ నోట్లోంచి, ఆవిడ పక్కనున్న మేక నోట్లోంచి. పట్నం జనం ఆ పొగతో సెల్ఫీలు తీసుకుంటున్నారు. ఊపిరి ఉందని ఫోటో తీసి ఋజువు చేసుకోవాలి కాబోలు వీళ్ళు.

ఇంటి వరండా నిండా సీసాలే. గోడ పొడవునా ఆకుపచ్చవి, గోధుమరంగువి, తెల్లవి, మూతుల్లేకుండా నోళ్ళు తెరుచుకుని వరుసగా నిలబడ్డాయి. మధ్యలో పీట మీద సుజానా కూర్చుని సీసా కోస్తోంది. కిరసనాయిల్లో తడిపిన నూలు దారం సీసా చుట్టూ కట్టింది. అగ్గిపుల్ల గీసి అంటించింది. దారం నీలంగా కాలుతుంటే సీసాని మెల్లగా తిప్పి, చటుక్కున చన్నీళ్ళ బకెట్లో ముంచింది. టక్ మని చప్పుడైంది. పైసగం చేతిలో ఉండిపోయింది, అడుగు సగం నీళ్ళలో పడింది. కోసిన అంచు నున్నగా వచ్చింది. బాగుందని చెప్పాలనిపించింది. చెప్పలేదు. పక్కనే ఉప్పుకాగితంతో రుద్దిన గాజుపొడి కుప్పలా ఉంది. ఛాతీ జబ్బు మనిషి పీల్చాల్సిన పొడేనా అది?

"వందనాలక్కా" అంది లేచి. నోట్లోంచి పొగ ముక్కలు ముక్కలుగా వచ్చింది. కొంచెం వచ్చి ఆగింది, మళ్ళీ కొంచెం. దాని ఊపిరి ఎలా ఉందో నాకు ఆ పొగే చెప్పింది.

"ఆయాసం మందు పంపు వాడతన్నావా?"

"వాడతన్నానక్కా. రాగానే మొదలెట్టీకు."

"బట్టలు సర్దు. రేపు పొద్దున్నే బయలెల్దాం."

అది తల వంచుకుని సీసా తుడిచింది. ఇంతలో రోనాల్డ్ వచ్చాడు. నడుముకి కట్టుకున్న కండువాలో ఏదో దాచి తెచ్చినట్టున్నాడు. నన్ను చూసి నవ్వాడు. వీడికి నవ్వెప్పుడూ సిద్ధంగా ఉంటుంది, మిగతావేమీ ఉండవు.

"వదినా, మంచి టైముకి వచ్చారు. సూడండి ఏటి దొరికిందో."

మట్టి కొట్టుకుపోయిన సీసా తీసి బల్ల మీద నిలబెట్టాడు. మందపాటి ముదురాకుపచ్చ గాజు. ఇప్పటి సీసాల్లా లేదు, భుజాలు దిగి మెడ పొడుగ్గా ఉంది. మూతి దాకా మట్టి పట్టి ఉంది గాని అడుగు మాత్రం ఎండకి వెలిసి తెల్లబారింది. మూతికి కార్కు, దాని మీద నల్లబడిన మైనం.

"ఎక్కడిదిది?"

"చర్చి ఎనకాల. ఊరికే పడుంటే తెచ్చేను. దీన్ని తెరవడం ఈ సాయంత్రం వీడియో. పాతకాలం సీసాలకి ఎంత క్రేజో మీకు తెల్దు."

ఊరికే పడుంటే సీసాకి ఒకవైపే మట్టెందుకు పడుతుందో ఆయనకి తోచలేదు. నాకు తోచింది, ఎక్కడో పాతినదాన్ని పీక్కొచ్చాడని. మాది పెద్ద మిషను సంఘం. మా చర్చిలో చిన్న చిన్న గ్లాసుల్లో ద్రాక్షరసం పోస్తారు, సీసా ఎక్కడిదో ఎవరూ అడగరు. ఆ కొండ మీదున్న క్యాథలిక్కు గుడి, దాని వెనకాల సమాధుల దొడ్డి మాకు తెలియనివి. రోనాల్డ్‌కైతే తెలుసుకోవాలని కూడా ఉండదు.

సుజానా గుడ్డ తడిపి సీసా తుడుస్తుండగా బర్నబా వచ్చాడు. ఆ గుడికి కాపలా వాడు. ప్రభువు ఇంటికి కాపలా కాస్తూ ప్రభువు రక్తమని పోసే వైన్ సీసాలే ఖాళీ అవగానే రోనాల్డ్‌కి అమ్ముకునే రకం. దానికి బదులు ఒక చిన్న మందు సీసా పుచ్చుకుంటాడు. ఆ రోజు కూడా దాని కోసమే వచ్చాడు. వరండా మెట్టు మీద కాలు పెట్టి, "వందనాలు సిస్టరమ్మా" అని, బల్ల వైపు చూసి, ఆ కాలు వెనక్కి తీసుకున్నాడు.

"అది నాను ఇచ్చింది కాదు" అన్నాడు మెల్లగా.

"నానే తెచ్చుకున్నాలే" అన్నాడు రోనాల్డ్ లోపల్నుంచి.

"దాన్ని నిలబెట్టకండమ్మా. మూతి కిందకి ఉండాల."

"ఎందుకు?" అన్నాను.

బర్నబా అటూ ఇటూ చూశాడు. వాడు తాగి లేడు. అది నాకు వింతగా అనిపించింది. గొంతు తగ్గించి చెప్పాడు. ఆ సంఘంలో ఎవరైనా పోయేటప్పుడు ఇంటివాళ్ళు ఒక వైన్ సీసా తెస్తారట. చివరి ఊపిరికి ముందు దాంతో పెదాలు తడుపుతారు. మిగిలింది ఎవరూ తాగరు, పారబొయ్యరు. ఊపిరి ఆగాక మూతి బిగించి, మైనం కారుస్తారు. సమాధి తల దగ్గర అడుగు మాత్రం పైకి ఉండేలా తలకిందులుగా పాతుతారు. ఫాదరుకి ఇది నచ్చదు, చూసీ చూడనట్టు ఊరుకుంటాడు.

"సీసాలో ఏటుంటాది?"

"ఏటో నాకు తెల్దమ్మా. మట్టి తాగీసేదాకా ఒగ్గీయాల అంటారు. మట్టి తప్ప ఇంకెవులూ దాని మూతికి మూతి పెట్టకూడదట."

"ఎవరిదిది?"

"మగ్దలేనమ్మది. పాటలు పాడీది గుడిలో. ఊపిరి సాలక సచ్చిపోనాది పాపం. నీటిలోంచి తీసిన సేపలాగ కొట్టుకున్నాది. నాను సూసేను."

నాకు నవ్వొచ్చింది. కాదు, నవ్వు రావాలి కాబట్టి నవ్వాను. దొంగతనంగా సీసాలు అమ్ముకునేవాడికి ఒక సీసా దగ్గర మాత్రం భక్తి పుట్టుకొచ్చింది. రోనాల్డ్ బయటికొచ్చి వాడి చేతిలో మామూలుగా ఇచ్చే మందు సీసా పెట్టబోయాడు. బర్నబా పుచ్చుకోలేదు. బల్లకి వీపు తిప్పకుండా వెనక్కి నడిచి మెట్టు దిగాడు, ఆ మీదట బేగి బేగి నడిచి పొగమంచులో కలిసిపోయాడు. మందు వద్దన్న బర్నబాని నేను అదే మొదటిసారి చూడ్డం.

"రోనాల్డ్, అది తెచ్చిన చోట పెట్టేసిరా" అన్నాను.

"మీరు కూడా ఏటి వదినా. చదువుకున్నవారు. ఈ కథే వీడియోలో చెప్తాను, అదిరిపోద్ది."

సమాధి మీంచి తెచ్చింది చాలక దాని మీద కథ కూడా చెప్తాడట. సిగ్గుంటే కదా.

సాయంత్రానికి మంచు దిగింది. అరకులో మంచు మెల్లగా రాదు. లోయలోంచి లేచి ముందు చెట్ల మొదళ్ళు మింగుతుంది, తర్వాత రోడ్డు, తర్వాత గేటు. ఆరు దాటకుండానే వరండా అవతల ఏమీ లేకుండా పోయింది. రావాల్సిన టూరిస్టులు ఘాటు రోడ్డులో చిక్కుకున్నామని ఫోను చేశారు. కాసేపటికి కరెంటు పోయింది. గాలి లేదు. దూరంగా ఎక్కడో కుక్క రెండుసార్లు మొరిగి ఊరుకుంది. కాలిన కిరసనాయిలు వాసన, తడిసిన మట్టి వాసన, లోపలి పొయ్యి మీద ఉడుకుతున్న రాజ్మా వాసన. నేను శాలువా కప్పుకుని కూర్చున్నాను.

"సూపర్. క్యాండిల్ లైట్లో తీద్దాం" అన్నాడు రోనాల్డ్. కరెంటు పోతే సంతోషించేవాణ్ణి నేనింకెక్కడా చూడలేదు.

బల్ల మీద ఒకే కొవ్వొత్తి వెలిగించాడు. ఫోను ఒక కర్రకి బిగించాడు. కథ మొదలెట్టాడు. మగ్దలేనమ్మ పేరు రెండుసార్లు తప్పు పలికాడు. మైనం చాకుతో గీకి, కార్కు తీసే మెలికల మర గుచ్చి తిప్పాడు. కార్కు మురిగిపోయి ఉంది. పైకి రాకుండా పొడిపొడిగా రాలి, మిగతా ముక్క టప్‌మని లోపలికి పడిపోయింది.

వాసన వచ్చింది. వైన్ వాసన కాదు. పుల్లటి వాసన కూడా కాదు. ఆ వాసన నాకు తెలుసు. రాత్రంతా ఒక మనిషి ఊపిరి కోసం కొట్టుకున్న గదిలో, తలుపులు తెరవకముందు ఉండే వాసన అది. చెమట, కర్పూరం తైలం, ఎండిన నోరు. వార్డుల్లో ఎన్నోసార్లు పీల్చాను. సీసాలోంచి రావడం మాత్రం అదే మొదలు.

సీసా వంచి చూశాడు రోనాల్డ్. చుక్క లేదు. లోపల ఎండిపోయి ఉంది.

"పర్లేదు. కార్కు లోపల పడితే ఎలా తియ్యాలో అదొక టిప్. అది కూడా వస్తాది వీడియోలో" అన్నాడు.

ఆ కిటుకు వీళ్ళు రోజూ చేసేదే. పల్చటి ప్లాస్టిక్ సంచి చుట్టి సీసా మెడలోకి దూరుస్తారు. సంచి నోరు బయట ఉంటుంది. సీసా తలకిందులు చేస్తే కార్కు జారి మెడ దగ్గరికి వచ్చి సంచి పక్కన చేరుతుంది. అప్పుడు సంచిలోకి ఊదితే అది లోపల బూరలా ఉబ్బి కార్కుని ఒరుసుకుంటుంది. పట్టి లాగితే కార్కు సంచితో పాటు వచ్చేస్తుంది. మామూలు సీసాకైతే మంచి కిటుకే.

"సుజీ, నువ్వు ఊదు. నాను ఫోను సూడాల" అన్నాడు.

నేను లేచాను. "ఆ గుంటకి ఊపిరి ఏదయ్యా? దాని చేత ఊదిస్తావా? ఫోను నాకియ్యి, నువ్వు ఊదుకో."

"ఒక్క ఊదే కదా వదినా. రోజూ ఊదుతాది."

"రోజూ ఊదుతాదా?"

"అక్కా, నాకు చేతవును. నువ్వు కూకో" అంది సుజానా. అది మొగుడి మీద ఈగ వాలనివ్వదు. నోట్లో నాలుక లేని పిల్ల, ఆ ఒక్క విషయంలో మాత్రం పెంకె. ఆ పెంకెతనం మీద నాకు కోపమొచ్చింది. కోపంలో కూర్చున్నాను.

సంచి దూర్చింది. సీసా రెండు చేతులతో ఎత్తి తలకిందులు చేసింది. తల వెనక్కి వాల్చి, సంచి నోరు పెదాలతో పట్టుకుంది. కొవ్వొత్తి వెలుగులో చూశాను. సీసా మూతి కిందకి ఉంది. దాని కింద మట్టి లేదు. నా చెల్లెలి నోరుంది.

ఊదింది.

సంచి లోపల తెల్లగా ఉబ్బింది. కార్కు కదిలింది. దాని ఛాతీకి ఉన్న ఊపిరి అంతవరకే అని నాకు తెలుసు. పిల్లప్పటి నుంచి విన్న ఛాతీ అది. ఇక ఆగాలి. ఆగలేదు. ఊదుతూనే ఉంది... బుగ్గలు లోపలికి పీక్కుపోయాయి. కళ్ళు నా వైపు తిరిగాయి. అది ఊదడం లేదని అప్పుడు అర్థమైంది. లోపల్నుంచి ఎవరో లాగుతున్నారు.

కొవ్వొత్తి మంట సీసా వైపు వంగింది... గాలి లేదు. ఆకు కదలడం లేదు. మంట మాత్రం వంగి, సన్నగా సాగి, అలాగే నిలబడింది.

"సుజీ, ఒగ్గీ. సుజీ..."

సీసా పట్టుకుని లాగాను. రాలేదు. చల్లగా ఉంది. ఐసు పెట్టెలో చెయ్యి పెట్టినట్టు వేళ్ళు అంటుకుపోయాయి. రోనాల్డ్ ఫోను వెనకాల నవ్వుతున్నాడు. నటిస్తున్నామనుకున్నాడు, వెధవ. లోపల సంచి చిరిగింది. చిర్రుమని చిన్న చప్పుడు... ఆ తర్వాత సీసా మోగింది.

ఖాళీ సీసా మూతి మీద పిల్లలు ఊదితే వచ్చే బూర లాంటి మోత. ముందు ఆ సీసా. తర్వాత వరండాలో గోడ పక్కనున్నది. దాని పక్కది. దాని పక్కది. వరుసగా అన్నీ... సన్నవి సన్నగా, లావువి లావుగా. పాట కాదు. ఊపిరి అందనివాళ్ళు ఒక గదిలో చాలామంది పడుకుంటే వచ్చే మోత.

కొవ్వొత్తి ఆరిపోయింది.

మోత ఆగింది. నేను చెల్లెలి పిల్లికూతల కోసం విన్నాను. చీకట్లో దాన్ని వెతుక్కోవడానికి నాకు ఎప్పుడూ ఆ చప్పుడే దారి. వినిపించలేదు.

"వచ్చీసింది కార్కు" అంది సుజానా.

రోనాల్డ్ ఫోను లైటు వేశాడు. ఒక చేతిలో చిరిగిన సంచి, అందులో కార్కు ముక్క. ఇంకో చేతిలో సీసా. ముఖం ప్రశాంతంగా ఉంది. పెదాల చుట్టూ గుండ్రంగా ఎర్రటి అచ్చు.

"నీకెలా ఉంది?" అన్నాను.

"ఏటి అలా సూత్తావక్కా? నాకేటయింది? ఇంత హాయిగా ఎప్పుడూ లేదు. బేగి అన్నం తినీసి పడుకుందాం, నువ్వు బస్సులో వచ్చి అలిసిపోయుంటావు."

మధ్యలో ఎక్కడా ఆగకుండా అంది. నా చెల్లెలు పుట్టాక అంత పొడుగు మాట ఒక్క ఊపిరిలో అనడం నేను వినలేదు.

"సూసేరా వదినా, కొండగాలి" అన్నాడు రోనాల్డ్. వీడియో చూసుకుని మురిసిపోయాడు. ఆ సీసాలోకి బ్యాటరీ లైట్ల దండ దించి, దాని మీదుండే ప్లాస్టిక్ కార్కు బిగించాడు. చిన్న చిన్న పసుప్పచ్చ లైట్లు వెలిగాయి. వెలగగానే గాజు లోపల మంచు పట్టింది. వెంటనే కరిగింది. మళ్ళీ పట్టింది... ముక్కలు ముక్కలుగా. కొంచెం వచ్చి ఆగి, మళ్ళీ కొంచెం.

"చెమ్మ" అన్నాడు ఆ మేధావి.

ఆ రాత్రి దాని పక్కనే పడుకున్నాను. నిద్రపోలేదు. పక్కన మనిషి ఉన్నట్టు వెచ్చగా ఉంది. మణికట్టు పట్టుకుని చూశాను, నాడి కొట్టుకుంటోంది. ఛాతీ లేచి పడుతోంది. నర్సుగా నాకు అంతకంటే ఏం కావాలి. తప్పు పట్టడానికి ఒక్కటీ లేదు.

తెల్లారి పొయ్యి దగ్గర అందరం నిలబడ్డాం. రోనాల్డ్ వాగుతున్నాడు, పొగ వస్తోంది. నా నోట్లోంచి వస్తోంది. గేటు దగ్గర పాలవాడు దగ్గితే వాడి తల చుట్టూ పొగ. సుజానా వాడితో పాల సంగతి మాట్లాడుతోంది. చాలా సేపు, నవ్వుతూ. దాని నోటి ముందు గాలి తేటగా ఉంది.

లోపలికి వెళ్ళి స్టీలు కంచం తెచ్చాను. తిప్పి దాని మూతి దగ్గర పెట్టాను. అది కంచం వైపు చూసింది. నా వైపు చూసింది. కంచం మెరుస్తూనే ఉంది.

"ఎందుకక్కా కంచం?" అంది.

దానికి గుర్తు లేదు. నన్ను అక్కా అంటోంది, నాకు కాఫీలో పంచదార ఎంతో తెలుసు, అమ్మ పేరు తెలుసు. కంచం తెలియదు. మా ఇద్దరికే తెలిసిన ఆ ఒక్కటి తెలియదు.

సీసా తీసుకుని గుడి దగ్గరికి వెళ్ళాను. బర్నబా సమాధుల దొడ్డి గోడ మీద కూర్చుని ఉన్నాడు. నేనొస్తానని తెలిసినట్టు లేవలేదు. లోపల మగ్దలేనమ్మ సమాధి తల దగ్గర గుండ్రటి కన్నం, సీసా పట్టేంత. చుట్టూ మిగతా సమాధుల దగ్గర సీసా అడుగులు మంచుకి తడిసి పొడుచుకొచ్చి ఉన్నాయి.

"ఎక్కడ తీసారో అక్కడ పాతీస్తే సరిపోద్దా?" అన్నాను. జీవితంలో మొదటిసారి ఒక తాగుబోతుని సలహా అడిగాను.

వాడు సీసా వైపు చూశాడు. లోపల మంచు వచ్చి పోతోంది.

"ఇందల ఇప్పుడున్నది మగ్దలేనమ్మయితే పాతీయండి. మట్టి తాగీస్తాది, పీడా పోద్ది." ఆగాడు. "కాకపోతే ఏటి సేత్తారు?"

పాతలేదు. పగలగొట్టలేదు. మూత తీస్తే ఏం బయటికొస్తుందో, బయటికొచ్చి తిన్నగా ఇంటికి పోతుందో లేక గాలిలో కలిసిపోతుందో చెప్పేవాడు లేడు. బర్నబా కంటే ఎక్కువ తెలిసినవాళ్ళెవరూ నాకు దొరకలేదు. వాడికి తెలిసింది అంతే.

సీసాని శాలువాలో చుట్టి కురుపాం తెచ్చాను. చెల్లెల్ని తీసుకురావడానికి వెళ్ళినదాన్ని మరి. రోనాల్డ్ సీసా కోసం గునిశాడు. నీ దగ్గర ఇంకో వంద ఉన్నాయి, ఏడవకు అన్నాను. సుజానా గేటు దాకా వచ్చి చెయ్యి ఊపింది. బట్టలు సర్దుకోలేదు. చలి తనకిప్పుడు పడుతోందని, రాను అని చెప్పింది.

ఇప్పుడు వాళ్ళకి బాగానే ఉంది. ఆ వీడియో చాలామంది చూశారట, గదులు ఖాళీ ఉండటం లేదట. సుజానా ఆదివారాలు మా సంఘానికి వెళ్ళడం మానేసి కొండ మీది గుడికి వెళ్తోంది. అక్కడ పాడుతోంది. దానికి పాట ఎక్కడిది? మెట్టెక్కితే ఆగి నిలబడే పిల్ల. ఎంత పెద్ద ఊపిరి వదినా, గుడంతా నిండిపోద్ది అని రోనాల్డ్ ఫోన్‌లో గొప్పలు చెప్తాడు. కట్టుకున్న పెళ్ళాం నోట్లోంచి పొగ రావడం లేదని ఇన్నాళ్ళూ చూసుకోలేదు ఈ ప్రబుద్ధుడు. ఫోను కెమెరాలో కనపడనిది వాడికి కనపడదు.

నేను ఒక తెలిసిన డాక్టరుకి సీసా చూపించాను. "ఉష్ణోగ్రత తేడా అండి, కండెన్సేషన్" అన్నాడు. కండెన్సేషన్‌కి ఆయాసం వస్తుందా బాబూ అని అడిగాను. నా వయసు ఎంతని అడిగాడు. వాడి చదువు తగలెయ్య.

సీసా నా మంచం పక్క స్టూలు మీద ఉంటుంది. లైట్లు వెయ్యకపోతే లోపల కనపడదు కాబట్టి బ్యాటరీలు మారుస్తూ ఉంటాను. చలి ఎక్కువైన సాయంత్రాలు అందులోంచి పిల్లికూతలు వినిపిస్తాయి. నాకు తెలిసిన కూతలే. ప్లాస్టిక్ కార్కు పక్కన సన్నటి సందు ఉంది. సుజానా వదిలేసిన పంపు నా దగ్గరే ఉంది. ఆ సందు దగ్గర పెట్టి నొక్కుతాను. లోపల తెల్లటి మందు పొగ తిరుగుతుంది. కాసేపటికి గాజు మీద మంచు నెమ్మదిగా, సమంగా పడుతుంది. ఆ మంచు మీద లోపలి వైపు నుంచి ఒక గీత పడుతుంది. సన్నటి వేలి గీత.

తగ్గిందక్కా.

అప్పుడు పడుకుంటాను. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గాని, ఆ గీత చూసి ఏడ్చిన రోజులున్నాయి. నా పిల్ల నా దగ్గరే ఉందని సంతోషంతో కూడా ఏడ్చాను. రెండు గీతలు పడితే మళ్ళీ నొక్కుతాను. మళ్ళీ ఒకటి పడుతుంది. ఇన్నాళ్ళూ అలా గడిచింది.

నిన్న సాయంత్రం చలి ఎక్కువగా ఉంది. కూతలు మొదలయ్యాయి. నొక్కాను. మంచు పట్టింది, రెండు గీతలు పడ్డాయి. మళ్ళీ నొక్కాను. రెండు గీతలు. ఇంకోసారి నొక్కి, కంచం చేతిలో పట్టుకుని, దేవుడి పేరు తలుచుకుంటూ గాజు వైపు చూస్తూ కూర్చున్నాను. కూతలు ఆగిపోయాయి. లోపల మంచు చిక్కగా, అడుగు నుంచి మెడ దాకా పట్టేసింది. ఒక గీత పడింది. ఊపిరి పీల్చుకున్నాను. పక్కన ఇంకొకటి పడింది. దాని పక్కన, మెల్లగా, ఇంకొకటి.

మూడు గీతలకి మేమెప్పుడూ అర్థం పెట్టుకోలేదు.